డైరీలో ఉన్నది, నివేదికలో లేనిది

విమర్శ అనగానే మనకు కావ్యములు, నాటకములు, నవలలు స్ఫురించును. ఇంజనీరింగు విద్యార్థి ఇంటర్న్‌షిప్ ముగించుకొని వచ్చి కళాశాలకు సమర్పించు నివేదికను విమర్శకు తగిన రచనగా ఎవరును ఎంచరు. అది మార్కుల కొరకు వ్రాయబడును. మార్కులు పడిన మరునాడు బీరువా చేరును. కాని ఒక్క విషయము ఆలోచింపవలెను. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌కు స్థానము కల్పించిన తరువాత మన కళాశాలలలో ఏటేట ఇట్టి నివేదికలు గుట్టలుగా పేరుకొనుచున్నవి. తెలుగు యువతీయువకులు యంత్రములను గురించి, పరికరములను గురించి స్వయముగా వ్రాయు రచనలలో వీటి పుటల సంఖ్యతో తూగగలది మరొకటి ఉన్నదని నేననుకొనను. ఇంత వాఙ్మయము పుట్టుచుండగా దాని మంచిచెడ్డలను గురించి ఎవరును నోరు విప్పకుండుట న్యాయము కాదు.

ఎలక్ట్రానిక్సు శాఖలో బయటి పరీక్షకుడుగా కొన్ని సంవత్సరములుగా ఈ నివేదికలను చదువుచున్నాను. వీటి నిర్మాణము చూచినపుడెల్ల నాకు ప్రబంధముల అవతారిక జ్ఞాపకము వచ్చును. మొదట ఇష్టదేవతాస్తుతి ఉండును. ఇక్కడ దేవతలు ప్రిన్సిపాలు, శాఖాధ్యక్షుడు, మార్గదర్శకుడు, చివరకు తల్లిదండ్రులు. పిమ్మట కృతిపతి వంశవర్ణన, అనగా కంపెనీ చరిత్ర. దాని స్థాపన, శాఖలు, ధ్యేయము, దృష్టి, అందుకొన్న ధ్రువపత్రములు పది పుటలకు తగ్గకుండ సాగును. తరువాత షష్ఠ్యంతముల వలె మైక్రోకంట్రోలరు కాళ్ళ పట్టిక, రెగ్యులేటరు గుణములు, రిలే వివరములు, తయారీదారుల పత్రముల నుండి యథాతథముగా దిగును. ప్రబంధములో ఇదంతయు అయిన తరువాత కథ మొదలగును. నివేదికలో ఇదంతయు అయిన తరువాత ఉపసంహారము మొదలగును. 'ఈ శిక్షణ వలన నాకు సాంకేతిక పరిజ్ఞానము, సమష్టి కృషి, సమయపాలన అలవడినవి' అని ఒక వాక్యము. అంతటితో సరి.

కంపెనీ చరిత్ర వ్రాయుటయే తప్పని నేననను. హైదరాబాదు ఎలక్ట్రానిక్సుకు చెప్పుకొనదగిన చరిత్ర కలదు. 1956లో ట్రాంబేలో ప్రారంభమైన అప్సర రియాక్టరుకు నియంత్రణ పరికరములను మనదేశములోనే చేయించిన బృందమునకు నాయకుడు తెలుగువాడైన ఎ. ఎస్. రావుగారు, ఆయన పూనికతోనే 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. కాని ఆ చరిత్ర నుండి విద్యార్థి గ్రహింపవలసినది తేదీలు కావు. దొరకని వస్తువును ఎట్లు చేసికొన్నారు, చేసినది పనిచేయనపుడు ఏమి చేసినారు అనునవే అందులో సారము. నివేదికలు సరిగా ఆ భాగమునే విడిచిపెట్టును.

ఇక నేను చెప్పదలచిన నివేదిక సంగతి. ఇది ఒక విద్యార్థినిది. ఆమె పేరు గాని, కళాశాల పేరు గాని, ఆమె పనిచేసిన సంస్థ పేరు గాని ఇక్కడ అవసరము లేదు. హైదరాబాదు శివారులోని ఒక చిన్న కర్మాగారములో ఎనిమిది వారములు పనిచేసినది. అక్కడ వ్యవసాయపు మోటార్లకు సెల్‌ఫోను స్టార్టర్లు తయారగును. రైతు ఇంటి నుండియే ఫోను చేసినచో బోరు దగ్గరి పెట్టెలో రిలే పడి, మోటారు నడుచును. 'మోటారు ఆన్ అయినది' అని తిరుగు సందేశము వచ్చును. అర్ధరాత్రి కరెంటు వచ్చినపుడు చీకటిలో, పాముల భయముతో చేనికి పరుగెత్తిన వారికి ఈ పెట్టె విలువ తెలియును.

నివేదిక యాభై ఎనిమిది పుటలు. నలభై ఒకటవ పుటలో ఒక వాక్యము నన్ను ఆపినది. అది ఆంగ్లములో ఉన్నది. తెలుగున చెప్పవలెనన్న ఇట్లుండును: 'భారము కలిపినపుడు వ్యవస్థలో ఒక అస్థిరత గమనింపబడినది. తగిన మార్పులతో అది నివారింపబడినది.' ఎవరు గమనించినారు? ఏ భారము? అస్థిరత అనగా ఏమి? తగిన మార్పు ఏది? నాలుగు ప్రశ్నలకును ఆ పుటలో జవాబు లేదు. మౌఖిక పరీక్షలో ఈ నాలుగే అడిగినాను. ఆమె కొంత తడబడి, మార్గదర్శకుని వైపు చూచి, చేతిసంచి నుండి ఒక పొడుగాటి నోటుపుస్తకము తీసినది. కళాశాల వారు ఇచ్చిన అధికారిక డైరీ అది కాదు. అధికారిక డైరీలో రోజుకొక పంక్తి మాత్రమే ఉన్నది, అన్ని రోజులదీ ఒకే సిరా. ఇది ఆమె తన కొరకు వ్రాసికొన్నది. తెలుగులో, మధ్యమధ్య ఆంగ్లపు మాటలతో, అంకెలతో, పిచ్చిగీతలతో.

అందులో అదే సంఘటన ఇట్లున్నది: 'స్టార్ట్ కొట్టగానే రిలే టక్కుమంది. వెంటనే డిస్‌ప్లే ఆరిపోయి మళ్ళీ వెలిగింది. మళ్ళీ టక్. మళ్ళీ ఆరింది. మీటర్‌లో 4.97 కనిపిస్తోంది. ఏమీ తగ్గలేదు. మరి ఎందుకు రీసెట్ అవుతోంది?'

ఒకే మనిషి, ఒకే సంఘటన, రెండు ప్రతులు. మొదటి ప్రతిలో మనిషి లేదు, చప్పుడు లేదు, అంకె లేదు, ప్రశ్న లేదు. రెండవ ప్రతిలో నాలుగును ఉన్నవి. మొదటిది చదివిన ఇంజనీరు ఏమియు చేయలేడు. రెండవది చదివిన వెంటనే పరికరము కొరకు చేయి చాచును.

ఆ ప్రశ్నకు సమాధానమును ఆమె ఎట్లు సాధించినదో కొంచెము వివరముగా చెప్పవలెను. ఈ నివేదికలో విలువైన భాగము ఇదియే. నివేదికలో లేనిదీ ఇదియే.

స్టార్టరు పెట్టెలో రెండు ఫేజుల నడిమి 415 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరు 9 వోల్టులకు దించును. నాలుగు డయోడుల వంతెన దానిని ఒకే దిక్కునకు త్రిప్పును. ఒక 1000 మైక్రోఫారడుల కెపాసిటరు దానిని నీటితొట్టి వలె నిలువచేయును. అటు పిమ్మట 7805 అను మూడు కాళ్ళ రెగ్యులేటరు సరిగా 5 వోల్టులు ఇచ్చును. పాఠ్యగ్రంథములో ఈ పటము ఒక పుటకు మించదు. ప్రతి విద్యార్థియు దీనిని కంఠస్థము చేసియే ఉండును.

రైతుల నుండి తిరిగివచ్చిన పెట్టెలు కొన్ని ఆ శాలలో ఒక మూల ఉన్నవి. స్టార్ట్ అనగానే టకటకలాడుచున్నది, మోటారు పట్టుట లేదు, అని ఫిర్యాదు. బల్లమీద పెట్టి చూచిన అన్నియు చక్కగా పనిచేయును. 'ఏమీ లేదు' అని చీటి వ్రాసి త్రిప్పి పంపుట అక్కడ వాడుక. ఆ రైతు మరల తెచ్చును. రెండు మారులు చార్జీలు పెట్టుకొని తెచ్చిన వాడు మూడవమారు పెట్టెను పీకి పారవేసి, పాత స్టార్టరు బిగించుకొని, మరల అర్ధరాత్రి చేనికి పోవును. ఈ అమ్మాయికి అప్పగించిన పని ఆ పెట్టెలకు చీటీలు అంటించుట మాత్రమే. చీటీలు అంటించుచు ఫిర్యాదులను చదివినది. అన్నిటిలోను ఒకే మాట ఉన్నదని గమనించినది: 'స్టార్ట్ అనగానే.' ఆగి ఉన్నపుడు గాని, నడుచుచున్నపుడు గాని ఫిర్యాదు లేదు.

నా దృష్టిలో ఆమె శిక్షణ ఆ రోజున మొదలైనది. అంతకు ముందు రెండు వారములు టంకము వేయుట నేర్చుకొన్నది. తగరము 63, సీసము 37 పాళ్ళు గల టంకము 183 డిగ్రీల వద్ద కరగుననియు, టంకమును కాక అతుకును వేడిచేయవలెననియు, పైకి మెరసినంత మాత్రమున అతుకు పట్టినట్లు కాదనియు డైరీలో చక్కగా వ్రాసికొన్నది. తాను వేసిన మొదటి ఇరువది అతుకులలో ఏడింటిని అక్కడి పెద్ద మెకానిక్కు తీగపట్టి లాగి ఊడదీసిన సంగతి కూడ వ్రాసినది. నివేదికలో దీనికి బదులు 'సోల్డరింగులో నైపుణ్యము సంపాదింపబడినది' అని ఉన్నది. సరే, అది పోనిండు.

బల్లమీద లోపము కనబడకపోవుటకు కారణము బల్ల చేను కాకపోవుట. బల్లమీద మోటారు లేదు. ఒక బల్బు ఉన్నది. వోల్టేజి నిలకడగా 415 ఉన్నది. సందేశము పంపు మోడెమును చాలమారులు బిగించరు. చేనిలోనైతే స్టార్ట్ అనిన క్షణమున మూడు పనులు ఒక్కమారుగా జరుగును. రిలేలు పడును. మోడెము తిరుగు సందేశము పంపుటకు కరెంటు లాగును. మోటారు లేచునపుడు, పూర్తి భారములో తీసికొను కరెంటుకు ఐదారు రెట్లు తీసికొనును గనుక, దూరపు లైను చివర ఉన్న బోరు వద్ద వోల్టేజి క్రుంగును. తిరిగివచ్చిన ఒక పెట్టె చీటిలో కంపెనీ మనిషి చేనిలో కొలిచి వ్రాసిన అంకె ఒకటి ఆమెకు దొరకినది: మోటారు ఎత్తుకొనునపుడు 330 వోల్టులు.

ఇప్పుడు లెక్క. పెట్టె ఆగి ఉన్నపుడు సుమారు 60 మిల్లీఆంపియర్లు తీసికొనును. స్టార్ట్ క్షణమున అర ఆంపియరు. కెపాసిటరు సెకండుకు నూరుమారులు నిండును. రెండు నింపుల నడుమ సుమారు 8 మిల్లీసెకండ్ల పాటు భారమంతయు దానిమీదనే పడును. అర ఆంపియరును 8 మిల్లీసెకండ్లతో గుణించి 1000 మైక్రోఫారడులతో భాగించిన 4 వోల్టులు. అనగా తొట్టిలో మట్టము సెకండుకు నూరుమారులు నాలుగు వోల్టులు పడి లేచుచుండును. 9 వోల్టుల శిఖరము 12.7, రెండు డయోడులకు 1.8 పోగా 10.9, నాలుగు పడిన 6.9. రెగ్యులేటరు తనకు అర ఆంపియరు వద్ద సుమారు 1.8 వోల్టులు ఉంచుకొనును గనుక 5.1 మిగులును. చాలును. బల్లమీద పెట్టె పాసగుట ఇట్లు. కాని గీతకు వెంట్రుకవాసి ఎత్తున నిలబడి పాసైనది!

330 వోల్టులకు ఇదే లెక్క వేసిన 9కి బదులు 7.16 వచ్చును, శిఖరము 10.1, డయోడులు పోగా 8.3, నాలుగు పడిన 4.3, రెగ్యులేటరు వంతు పోగా 2.5. మైక్రోకంట్రోలరును 4.3 వోల్టులకు తగ్గిన క్షణమున తన్ను తాను మరల మొదలుపెట్టుకొనునట్లు అమర్చి ఉన్నారు. అది మొదలుపెట్టుకొన్నది. రిలే విడిపోయినది. భారము తొలగినది. వోల్టేజి లేచినది. ప్రోగ్రాము మరల స్టార్ట్ అన్నది. మరల టక్.

మరి మల్టీమీటరు 4.97 అని ఎందుకు చూపినది? దీనికి జవాబు చెప్పినది ఆ పెద్ద మెకానిక్కు. డైరీలో ఆయన మాట ఉన్నది: 'బిడ్డా, మీటరు అబద్ధమాడదు. గాని నువ్వు అడిగిందే చెప్తది.' మల్టీమీటరు సెకండుకు రెండు మూడు మారులు మాత్రమే అంకె మార్చును. ఆ మధ్యకాలపు సగటును చెప్పును. ఇక్కడ వోల్టేజి పడి, రీసెట్టయి, భారము తొలగి మరల లేచుట కొన్ని మిల్లీసెకండ్లలో ముగియును. సగటులో ఆ గుంట పూడిపోవును. ఈ సంగతి పాఠములో లేక కాదు. సగటు, శిఖరము, తక్షణ విలువ అను మూడును ఆమె రెండవ సంవత్సరములో చదివినవే. కాని చదివిన నాడు అవి మూడు సూత్రములు. ఈనాడు ఒక రైతు పెట్టె ఎందుకు టకటకలాడుచున్నదో చెప్పు మూడు సాక్షులు.

ఆసిలోస్కోపు ముందు కూర్చున్న మొదటి గంట కూడ వ్యర్థమైనదని డైరీ చెప్పుచున్నది. తెరమీద నున్నని గీత తప్ప ఏమియు కనబడలేదు. ఆసిలోస్కోపు మూలపురుషుడు 1897లో కేథోడు కిరణ నాళమును నిర్మించిన బ్రౌన్ అని నివేదికలో ఒక పుట ఉన్నది. దానిలోని ట్రిగ్గరును ఎట్లు అమర్చవలెనో మాత్రము లేదు. ఎప్పుడో ఒకమారు వచ్చి పోవు గుంటను పట్టవలెనన్న, 'ఐదు వోల్టుల గీత క్రిందికి దిగుచు నాలుగున్నరను దాటిన క్షణమున ఒక్క చిత్రము తీసి ఆగుము' అని పరికరమునకు చెప్పవలెను. మెకానిక్కు చూపినాడు. మూడు ఫేజుల డిమ్మర్‌స్టాట్ పెట్టి 415ను 330కి దించి స్టార్ట్ నొక్కినారు. తెరమీద గుంట నిలిచిపోయినది. ఆ పుటలో ఆమె చేతితో గీసిన చిత్రమున్నది. ప్రక్కన మూడు ఆశ్చర్యార్థకములు. పరీక్షకుడుగా నేను చదివిన నివేదికలన్నిటిలోను నిజముగా పెట్టవలసిన చోట పెట్టిన ఆశ్చర్యార్థకములు అవియే.

ఇంతటి దానిని నివేదిక నుండి తీసివేసినది ఎవరు? ఆమె కాదు. మొదటి చిత్తుప్రతిలో ఇది నాలుగు పుటలు ఉన్నదట. మార్గదర్శకుడు రెండు అభ్యంతరములు చెప్పినాడు. కంపెనీ వస్తువులో లోపమున్నదని వ్రాసిన వారు వచ్చే ఏడు మన పిల్లలను రానీయరు, అని ఒకటి. తప్పులు, తడబాట్లు వ్రాసిన మార్కులు తగ్గును, అని రెండవది. మొదటిదానిని నేను తేలికగా త్రోసివేయలేను. పిల్లలకు చోటు దొరకుట ఎంత కష్టమో ఎరుగుదును. డబ్బు తీసికొని ధ్రువపత్రము మాత్రము ఇచ్చు చోట్లు ఉన్న కాలములో నిజముగా పని నేర్పిన ఒక చిన్న కర్మాగారమును నొప్పించుట మంచిది కాదు. అయినను పేరు తీసివేసి సంగతి ఉంచవచ్చును. సంస్థ యజమాని ఆ లోపమును కనిపెట్టినందుకు సంతోషించినాడే గాని కోపింపలేదని ఆమెయే చెప్పినది. రెండవ అభ్యంతరము దురదృష్టవశాత్తు నిజము. మా చేతికిచ్చిన మార్కుల పట్టికలో అట్టకు, పుటల అమరికకు, హాజరుకు, ధ్రువపత్రమునకు గడులు ఉన్నవి. 'విద్యార్థి ఏమి కనుగొనెను' అనుదానికి గడి లేదు.

ఈ సందర్భమున ఒక పాత నివేదికను తలచుకొనక తప్పదు. 1812లో లండనులో పుస్తకములు కుట్టు పనిలో ఉన్న ఒక యువకుడు హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, నోట్సు వ్రాసికొని, బొమ్మలు వేసి, తానే అట్టకట్టి డేవీకి పంపినాడు. మరుసటి సంవత్సరము రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా చేరినాడు. అతడే మైకేల్ ఫారడే. మన కెపాసిటర్లను కొలుచు ప్రమాణము ఆయన పేరు మీదనే ఉన్నది. తరువాతి కాలమున ఆయన ప్రయోగశాలా దినచర్యలో పేరా పేరాకు సంఖ్య వేసి, ఫలించినదానిని, ఫలింపనిదానిని ఒక్కతీరుగా వ్రాసినాడు. 1849లో గురుత్వమునకు విద్యుత్తునకు సంబంధము ఉన్నదేమోనని ప్రయోగములు చేసినాడు. ఫలితము శూన్యము. ఆ శూన్యమును కూడ ప్రకటించినాడు. ఆయన దినచర్య మన మార్గదర్శకుని చేతికి వచ్చి ఉన్న ఎడల ఏమి మిగిలి ఉండెడిదో ఊహింపవచ్చును.

అట్లని ఆ డైరీ నిర్దోషమని నేననను. విమర్శకుడు మెచ్చుకొన్నదానిని కూడ కొలిచి చూడవలెను. మొదటి లోపము, ఆసిలోస్కోపు చిత్రమునకు కొలబద్ద లేదు. నిలువున ఒక గడి ఎన్ని వోల్టులు, అడ్డముగా ఒక గడి ఎన్ని మిల్లీసెకండ్లు అని వ్రాయనిచో అది కొండల బొమ్మయే. రెండవది, లెక్క ముందు వేసినదో, గుంటను చూచిన తరువాత వేసినదో డైరీలో స్పష్టము కాదు. ముందు వేసి ఉన్న అది జోస్యము. తరువాత వేసి ఉన్న సమర్థన. రెండింటికి విలువ ఒక్కటి కాదు. మూడవది కొంచెము తమాషాగా ఉన్నది. మల్టీమీటరు సగటును మాత్రమే చెప్పునని ఇంత కష్టపడి నేర్చుకొన్న మనిషి, చేనిలో తీసిన 330 అను అంకెను ఏ మీటరుతో తీసినారో అడుగలేదు. అదియు మల్టీమీటరే అయి ఉండును. మోటారు లేచునపుడు వోల్టేజి అంతకంటె ఇంకను క్రుంగి ఉండవచ్చును. ఒకే చేను, ఒకే కొలత. దాని మీద మొత్తము కట్టడము నిలిచినది.

ఇవన్నియు ఆమెకు చెప్పినాను. మూడవదానికి నవ్వినది, 'అవును సార్, అది తోచలేదు' అని పుస్తకములో వ్రాసికొన్నది. నివేదికలో చెప్పిన 'తగిన మార్పులు' ఏమిటి అని అప్పుడు అడిగినాను. 1000కి బదులు 2200 మైక్రోఫారడుల కెపాసిటరు, అన్నది. పడుట నాలుగు నుండి 1.8 వోల్టులకు తగ్గును, 8.3 నుండి 1.8 తీసివేసిన 6.5, రెగ్యులేటరు వంతు పోగా 4.7, రీసెట్టు గీత 4.3కు పైననే ఉన్నది. డిమ్మర్‌స్టాట్‌తో 330 వద్ద పరీక్షించినారు, పనిచేసినది. ట్రాన్స్‌ఫార్మరును 12 వోల్టులది వేయుదమని ఒక ఆలోచన వచ్చినదట. కాని అప్పుడు 415 వద్ద రెగ్యులేటరులో నాలుగు వాట్లు వేడిగా పోవును, దానికి పెద్ద అల్యూమినియము రేకు కావలెను, పెట్టెలో చోటు లేదు. స్విచింగు రెగ్యులేటరు వేసిన వేడి ఉండదు, ధర పెరుగును. ఈ మూడు దారులను మూడు నిలువు గళ్ళలో వ్రాసికొన్న పుట కూడ డైరీలో ఉన్నది. ధర, వేడి, చోటు అను మూడింటిని ఒకేమారు తూచుట తరగతిలో రాదు. అక్కడ ప్రశ్నకు ఒకే జవాబు ఉండును. ఆమె వచ్చువేళకు కర్మాగారము వారు 2200 కెపాసిటర్లకు ఆర్డరు పెట్టబోవుచున్నారట.

'కెపాసిటరు మీద 2200 అని అచ్చు వేసిన మాత్రమున లోపల 2200 ఉండునా?' అని అడిగినాను.

ఒక నిముషము మాటాడలేదు. పిమ్మట, 'ఎలక్ట్రొలిటిక్ కదా సార్, ఇరవై శాతం అటూ ఇటూ ఉంటుంది' అన్నది. అడుగకుండగనే కలము తీసి లెక్క మొదలుపెట్టినది. 2200లో ఇరువది శాతము పోగా 1760. అర ఆంపియరును 8 మిల్లీసెకండ్లతో గుణించి దానితో భాగించిన 2.27. 8.3 నుండి 2.27 పోగా 6.03. అందులో 1.8 పోగా 4.23. గీత 4.3.

ఇది కొత్త కెపాసిటరు సంగతి. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరు ఆయుర్దాయము పది డిగ్రీల వేడి పెరిగిన కొలది సుమారు సగమగునని మోటు లెక్క ఒకటి కలదు. ఎర్రటెండలో చేనిగట్టున నిలిచిన ఇనుపపెట్టె లోపల అది ఎన్ని ఏండ్లు తన విలువను నిలుపుకొనును? ఈ ప్రశ్న నేను వేయలేదు. లెక్క క్రింద ఆమెయే 'మే నెల?' అని వ్రాసి చుట్టూ సున్న చుట్టినది.

నా ప్రక్కనున్న పరీక్షకుడు గడియారము చూచుచున్నాడు. బయట ఇంకను పదునలుగురు ఉన్నారు. పట్టికలోని గడులు నింపినాము. అట్ట బాగున్నది, హాజరు బాగున్నది, ధ్రువపత్రము ఉన్నది. మిగిలిన మార్కులు ఎక్కడ వేయవలెనో తోచక, 'వ్యక్తీకరణ' అను గడిలో వేసినాను. ఆమె నివేదికను బల్లమీద వదలి డైరీని మాత్రము తీసికొన్నది.

'సార్, ఒక్క నిమిషం. వాళ్ళు ఆర్డర్ పెట్టేశారేమో ఫోన్ చేసి కనుక్కుంటాను' అని వరండాలోనికి పోయినది. తలుపు వేసియున్నను ఆమె గొంతు లోపలికి వినబడుచునే ఉన్నది: 'అంకుల్, 2200 చాలదు. కాదు, లెక్క వేశాను. కొంచెం ఆపమని చెప్తారా?'

తరువాతి విద్యార్థిని పిలిచినారు. అతని నివేదిక అరవై రెండు పుటలు.